ఊదు పొగ లేని బేస్తారం

ఇమాంబీ చాచీ కూసోంగ నేను మూడేండ్లల ఒక్కసారే చూసిన. అది గూడ నేను చేసిన పాడు పని వల్లనే.

ఆమె నిలబడి అన్నం తింటది. నడుసుకుంట చాయ్ తాగుతది. సీరియల్ వస్తుంటే టీవీ ముందట కుర్చీ ఖాళీగ ఉంటది, ఈమె తలుపుకు ఒరిగి చూస్తది, ఆ సీరియల్ల అత్త ఏమన్న తప్పు మాట అంటే ఉరికి పోయి సంగతేందో అడిగేటట్టు. "జర కూసో చాచీ" అంటే "కూసుంటే కాళ్లు పని మరిచిపోతయ్ రా" అంటది. ఆ కాళ్లకు ఏం పని అప్పజెప్పిందో నాకు ఇప్పటికీ తెల్వదు.

చండ్రుగొండ దాటి అడవి దిక్కు పోతుంటే ఎడమ చేతి పక్క రహీం భాయ్ కట్టె కోత మిల్లు ఉంటది. ముందట మొద్దులు, నడుమ రంపం మిషన్, వెనక రేకుల షెడ్డు, ఆ షెడ్డు వెనక రంపం పొట్టు గుట్ట. నేను ఆ మిల్లుల ట్రాలీ ఆటో నడుపుత. చెక్కలేసుకొని ఇటు వైరా, అటు కూసుమంచి దాంక పోయొస్త. చాచీ రహీం భాయ్‌కి సొంత వదిన. మిల్లు పక్కనే రెండర్రల ఇల్లు ఆమెది.

ఆమె మొగుడు నాగుల్ మీరా చాచా. పెండ్లి బిర్యానీ అంటే జూలూరుపాడు నుంచి ఏన్కూరు దాంక ఆయననే పిలిచేటోళ్లు. పేరు ఆయనది, చెయ్యి ఆయనది, నాలుక మాత్రం చాచీది. పెండ్లి ఇంటి వెనక పరదా చాటున నిలబడి, గిన్నెల ఇంత మసాలా నీళ్లు నాకి చూసి, "ఇంకో పిడికెడు ఉప్పు" అని చెప్పేది. ఆయన ఆ పిడికెడు ఏసి, మీసం తిప్పుకుంట బయటికొచ్చి, తనకే తెలిసినట్టు నిలబడేటోడు. ఇద్దరు కలిసి ముప్పై ఏండ్లు ఊరందరిని గిట్ల మోసం చేసిన్రు.

మూడేండ్ల కింద చాచా నిద్రలనే పోయిండు. పిలుపులు గూడ ఆయనతోనే పోయినయ్. చాచీ "నేను వండుత" అని ఇద్దరు ముగ్గురికి చెప్పి చూసింది. "ఆడమనిషి డేగ్ ఎక్కిస్తదా చాచీ?" అని నవ్వి కేటరింగోళ్లకు ఫోన్ చేసిన్రు. డేగ్ అంటే పెండ్లిళ్లల బిర్యానీ వండే పెద్ద రాగి గిన్నె. నేను కాళ్లు ముడుసుకుంటే అండ్ల పట్టుడే గాదు, పక్కకు తిరిగి పడుకోవచ్చు. నేను పడుకొని చూసిన గూడ, చాచీ చీపురు అందుకునే దాంక. గసొంటివి రెండు డేగులు షెడ్డుల బోర్లేసి ఉండేవి. ప్రతి బేస్తారం పొద్దుగూకే యాళ్లకు చాచీ బొగ్గుల మీద ఊదు ఏసి, ఆ పొగ డేగుల ముందట పెట్టేది. ఆయన గోరీ కాడికి ఆడోళ్లు పోరు. గందుకే ఆయన ఇక్కడ ఉన్నట్టు పెట్టుకున్నది.

ఇగ పుట్టగొడుగుల సంగతికి వస్త.

పొదుపు సంఘం లీడర్ కళ్యాణి వైరా ట్రైనింగ్‌కి పదిమంది పేర్లు రాయాలె. తొమ్మిదే ఉన్నయ్. పదో పేరు ఇమాంబీ అని రాసేసింది. మూడు రోజుల ట్రైనింగ్. మిగిలిన తొమ్మిదిమంది కూసొని విన్నరు, ఈమె మూడు రోజులు వెనక గోడ కాడ నిలబడి విన్నది. వరిగడ్డి ఉడకబెట్టి, కవర్లల నింపి, విత్తనం చల్లాలె అని సారు చెప్తుంటే ఈమె చెయ్యి లేపిందంట.

"సారూ, నాకు పొలం లేదు. వరిగడ్డి ఏడ తేవాలె? నాకున్నది రంపం పొట్టు. గుట్టలకు గుట్టలు ఉన్నది."

"పొట్టు మీద గూడ వస్తయమ్మా. కని దాంట్ల బలం తక్కువ, తవుడు కలపాలె. తవుడు కలిపినంక నానా రకాల బూజు ఎగబడతది. గందుకే బాగ ఆవిరి పట్టాలె. మూత బిగించి ఐదారు గంటలు సన్నగ ఆవిరి పోకుంట—"

"అంటే దం," అన్నదంట చాచీ.

సారుకు సమఝ్ గాలే. గదంత నవ్విన్రు. ఈమె మాత్రం నవ్వలే. ముప్పై ఏండ్లు చేసిన పని పేరు సారు నోట్ల వేరేగ ఇనవడ్డది, గంతే.

వచ్చిన రోజే రహీం భాయ్ ముందట పోయి నిలబడ్డది. రహీం భాయ్ మంచోడే, కని మంచితనం బయటవడితే మిల్లు నడవదని భయం ఆయనకు. గొణిగి గొణిగి ఒప్పుకున్నడు.

"చూడు భాభీ. వానలు పట్టినంక చెక్క నున్నగ జేసే రందా మిషన్ వస్తది. దాన్ని ఈ షెడ్డులనే పెట్టాలె. అప్పటిదాంక షెడ్డు నీది. ఆ లోపల పంట వస్తే మాట్లాడుకుందాం. రాకపోతే డేగులు తీసేస్త, నువ్వు గూడ ఫాయిజా కాడికి పో. ఒక్కదానివి ఇక్కడెందుకు?"

ఫాయిజా చాచీ బిడ్డ. ఖమ్మంల ఉంటది, మంచిగ చూసుకుంటది, పిలుస్తనే ఉంటది. కని ఆ ఇల్లు మూడో అంతస్తు. చాచీకి ఇచ్చే అర్ర ఈ గోడ నుంచి ఆ గోడకు తొమ్మిది అడుగులు. నడిచి లెక్కవెట్టి వచ్చింది. "తొమ్మిదే రా రమణా. పదో అడుగుకు గోడకు ముక్కు తాకుతది," అని నాకు చెప్పింది. ఆ మాట చెప్పుకుంటనే మిల్లు చుట్టూ రెండు చక్కర్లు కొట్టింది.

మొదటి సారి ఎండాకాలంల ఏసింది. గుట్ట మీద నుంచి దొరికిన పొట్టు దొరికినట్టు ఎత్తి, తవుడు కలిపి, కవర్లల నింపి ఇంట్ల గిన్నెలల్లనే ఆవిరి పట్టింది. విత్తనం వైరా నుంచి నేనే తెచ్చిన, జొన్న గింజల మీద పెంచినది, ప్యాకెట్లల వస్తది. ఇరవై రోజులు చూసినం. సగం కవర్లల విత్తనం ఎక్కడేసింది అక్కడనే ఉన్నది, కిరాయికి వచ్చి సామాన్లు ఇప్పనోడి లెక్క. మిగిలిన సగం కవర్లల మూలకింత తెల్లగై ఆగిపోయింది.

చాచీ రంపం కాడికి పోయి బొజ్జయ్యను పట్టుకున్నది. బొజ్జయ్య మా మిల్లుల మొద్దులు కోసేటోడు, అడవి అంచు గూడెం మనిషి. చెట్టు పేరు వాసనతోనే చెప్తడు.

"బొజ్జయ్యా, టేకు మొద్దు మీద పుట్టగొడుగు మొలవంగ ఎప్పుడన్న చూసినవా?"

"టేకు మీద చెదలే ఎక్కదు బీబక్కా. ఇంక గొడుగేం ఎక్కుతది?"

"మరి దేని మీద మొలుస్తది?"

"మామిడి దుంగ తడిసి మెత్తబడితే దాని మీద వస్తది."

చాచీ నెత్తి కొట్టుకున్నది. ఆ గుట్టల సగం టేకే. ఇగ ఆ రోజు నుంచి బొజ్జయ్యకు మనశ్శాంతి లేదు. మామిడి కాయల పెట్టెల కోసం ముసలి మామిడి మొద్దులు మా మిల్లుకు మస్తు వస్తయ్. మామిడి మొద్దు రంపం మీదికి ఎక్కిందంటే చాలు, చాచీ గంప పట్టుకొని కింద నిలబడేది. టేకు ఎక్కితే "ఆగాగు, ఊడ్వనీ" అని మిషన్ ఆపించి, నేలంత ఊడిచి పట్టా పరిచేది.

"బీబక్కా, ఇది మిల్లా, నీ వంటిల్లా?" అని బొజ్జయ్య మొత్తుకునేటోడు.

"వంటిల్లే అనుకో. బియ్యంల రాళ్లు కలిపితే మీ ఆవిడ ఊకుంటదా?"

రెండోసారి పద్ధతిగ చేసింది. మామిడి పొట్టు, తవుడు, చిటికెడు సున్నం. నీళ్లు చల్లి కలిపి, పిడికిట్ల గట్టిగ ఒత్తి చూసేది. ముద్ద నిలవాలె, ఏళ్ల సందుల నుంచి ఒక్క చుక్క జారీ జారనట్టు ఉండాలె. సారు చెప్పిన కొలతల కాగితం పొయ్యి అంటించనీకి వాడింది. డేగ్‌ల అడుగున ఇటుకలు పెట్టి, నీళ్లు పోసి, మీద జాలీ ఏసి, కవర్లు పేర్చింది. మూత పెట్టి, చుట్టూ గోధుమపిండి ముద్దతోని అంచు మూసింది, ఆవిరి పోనీకి ఒక్క సందు ఉంచింది. కింద మామిడి చెక్కల మంట. ఐదు గంటలు ఆ మంటను చూసుకుంట డేగ్ చుట్టూ తిరుగుతనే ఉన్నది. మూడేండ్ల తర్వాత డేగ్ కింద మంట పెట్టుడు అదే. రోడ్డు మీద పోయేటోడొకడు ముక్కు ఎగబీల్చి "చాచీ, ఎవరి పెండ్లి?" అన్నడు. "మామిడి చెట్టుది," అన్నది.

ఈసారి విత్తనం పట్టింది. షెడ్డుల తాళ్లకు అరవై కవర్లు ఏలాడదీసినం. పదిహేను రోజులకు గోధుమరంగు పొట్టంత తెల్లటి దారాలు అల్లుకొని, కవర్లన్ని పాలల్ల ముంచి తీసినట్టైనయ్. చాచీ రోజుకు ఎన్నిసార్లు పోయి చూసిందో దేవునికి ఎరుక. పొద్దుగాల పోతది, వచ్చి చెయ్యి కడుక్కోకముందే మళ్ల పోతది. సారు చెప్పినట్టు బ్లేడుతోని కవర్లకు గాట్లు పెట్టి, నేల మీద నీళ్లు చల్లి, ఇగ మొలుస్తయని చూసింది.

మొలిచినయ్. కని ఎట్ల మొలిచినయంటే, అగ్గిపుల్లల లెక్క. సన్నగ, పొడుగు కాడ, చివరకు గుండుసూది తలకాయంత టోపీ. రెండు రోజులకు పసుపు పడి, ఎండి, రాలిపోయినయ్.

చాచీ మొకం చూడలేకపోయినం. "దిష్టి," అన్నది. "పాలలెక్క ఉన్నయని ఆ కళ్యాణి అన్నది, గప్పుడే తగిలింది." ఇగ బేస్తారం ఒక్క రోజు పెట్టే ఊదు పొగ, రోజూ రెండు పూటలు మొదలువెట్టింది. పొగ బయటికి పోవద్దని కిటికీలకు అట్టలు కొట్టించింది. కొట్టింది నేనే. రెండో విడత మొలిచినయ్. అయ్యి మొదటి దానికంటే అన్యాయం, అగ్గిపుల్లలు గూడ గాదు, దూది పోగులు. పొగ ఇంకింత పెంచింది. నేను షెడ్డులకు పోతే దర్గాకు పోయొచ్చినట్టు బట్టలన్ని వాసనొచ్చేవి.

వానలు పట్టినయ్. రహీం భాయ్‌కి ఫోనొచ్చింది. మిషన్ వచ్చే సోమవారం వస్తదంట. ఆయన షెడ్డు గుమ్మం కాడ నిలబడి, దగ్గి, అరవై కవర్లు చూసి, "సోమవారం భాభీ," అని ఒక్క మాట అని పోయిండు. ఆ సాయంత్రం చాచీ ఫాయిజాతోని ఫోన్ల "అవ్ బిడ్డా, వస్త, చూస్తున్న," అని మిల్లు గేటు నుంచి రోడ్డు దాంక, రోడ్డు నుంచి గేటు దాంక తిరిగింది. ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టుడు ఆపేసిన.

నేను చేసిన పాడు పని గప్పుడే.

నిజం చెప్తున్న, ఏడిపిద్దామని చెయ్యలే. ఆమె మొకంల ఒక్క నిమిషం నవ్వు చూద్దామనుకున్న. జంపక్క అని బొజ్జయ్య చెల్లె, వానలల్ల అడవిల దొరికే పుట్టగొడుగులు గంపల పెట్టుకొని మా మిల్లు గేటు కాడ అమ్ముతది. మంగళవారం పొద్దుగాల ఆమె కాడ ఆకు పొట్లం ఒకటి కొన్న. మంచియి నాలుగు ఏరి, ఒక్కోదానికి చీపురు పుల్ల గుచ్చి, షెడ్డుల గుమ్మం పక్కనున్న కవరుకు గుత్తి లెక్క అమర్చిన. దూరం నుంచి నాకే నమ్మబుద్ధైంది.

చాచీ వచ్చింది. చూసింది. గంతే, ఒక కేక! "యా అల్లా! రహీం! ఓ రహీం! మొలిచినయ్ రా!" చేతికున్న పిండి చేతికే ఉన్నది, కొంగు జారిపోతున్నది, మిల్లంత ఉరుకుడే. రంపం ఆపించింది. రహీం భాయ్‌ని చెయ్యి పట్టి గుంజుకొచ్చింది. బొజ్జయ్య వచ్చిండు. గేటు కాడి జంపక్క గూడ గంప నెత్తి మీద పెట్టుకొనే వచ్చింది. నేను చెప్దామని నోరు తెరిచిన, ఆమె కండ్లల నీళ్లు చూసి మూసుకున్న. ఆ ఒక్క నిమిషం దాటినంక ఇగ చెప్పనీకి మొకం లేదు.

రహీం భాయ్ మెల్లగ "మాషా అల్లా" అన్నడు. జంపక్క వంగి చూసి పకపక నవ్వింది.

"ఏయ్, ఇయ్యి నా గంపలయి! పొట్టు మీద మొలిచిన దానికి పుట్టమన్ను ఎట్లంటింది?" అని ఒకటి పీకింది. చీపురు పుల్లతో సహా వచ్చింది.

అందరు నా దిక్కు చూసిన్రు. ఎవడు చేసిండని అడిగే పని గూడ లేకుంట పోయింది, మా మిల్లుల గసొంటి పనులు చేసేది ఒక్కడే.

చాచీ తిడ్తదనుకున్న. చీపురు తిరగేస్తదనుకున్న. ఆమె మాత్రం పక్కనున్న డేగ్ మీద, బోర్లేసిన దాని మీద, మెల్లగ కూసున్నది. మూడేండ్లల నేను చూసిన ఆ ఒక్కసారి గదే. చేతులు ఒడిల పెట్టుకొని, చీపురు పుల్ల దిక్కు చూసుకుంట కూసున్నది.  మొద్దు నా మీద వడ్డా బాగుండు అనుకున్న.

గంతల జంపక్క దగ్గుడు మొదలువెట్టింది. దగ్గి దగ్గి కండ్లు తుడుసుకున్నది.

"బీబక్కా, ఈ పొగ ఏంది?"

"ఊదు. దిష్టికి. ఆయనకు."

"కిటికీలు ఎవలు మూసిన్రు?"

ఆ చేతులు గూడ నాయే. నేల చూసిన.

"మేం చేపలు ఎండాలంటే పొయ్యి మీద ఏలాడగట్టి పొగ పెడతం," అన్నది జంపక్క. "నువ్వు తడి తడి గొడుగులు కావాలని గదే చేస్తున్నవు. అడవిల అయ్యి ఎట్లొస్తయ్? వాన వడి, గాలి చల్లగై, తెల్లారే యాళ్లకు వస్తయ్. ఇండ్ల నేనే నిలవడలేకపోతున్న. ఇయ్యి మెడలు చాపుతున్నయ్ చూడు, ఊపిరి కోసం."

మేమందరం కవర్ల దిక్కు చూసినం. నిజమే. ఆ సన్నటి కాడలన్ని ఒక్క దిక్కే వంగి ఉన్నయ్. అట్ట ఊడి ఇంత సందు పడ్డ కిటికీ దిక్కు.

"పొగ ఆపితే ఆయనకేం చెప్పాలె?" అన్నది చాచీ. ఎవరినీ అడగలే. చేతుల చీపురు పుల్లనే అడిగినట్టున్నది.

జంపక్క గంప ఎత్తుకున్నది. "బిర్యానీ వండిన మనిషి గద. పొగకు ఆగమైతదంటే ఆయనే ఆపేటోడు," అని, నా పక్కనుంచి పోతూ "పొట్లం మళ్ల అడుగు, పుల్లలు గూడ ఏసి ఇస్త," అని గిచ్చి పోయింది.

మర్నాడు పొద్దు వొడవక ముందే పోయి నేను కొట్టిన అట్టలు నేనే పీకేసిన. వెనక గోడ చెక్కలు రెండు తీసేసిన. కిటికీలకు తడి గోనెసంచులు ఏలాడదీసిన. చాచీ నాతోని మాట్లాడలే. కని గోనెసంచులు ఎండినప్పుడల్ల నీళ్ల చెంబు నా దిక్కు జరిపింది. ఎండిపోయిన కాడలన్ని గీకి పారేసి కవర్లు పైపైన కడిగింది. "సోమవారం లోపల రాకపోతే ఇగ లేవు," అని గోడకు చెప్పింది, నాకు ఇనవడాలని.

బేస్తారం వచ్చింది. పొద్దు గూకింది. నేను వెనక గోడ కాడ సంచులు తడుపుతున్న. చాచీ బొగ్గుల చట్టి తెచ్చింది, ఊదు పొట్లం తెచ్చింది. డేగుల ముందట నిలబడ్డది. బొగ్గులు ఎర్రగ ఉన్నయ్. ఊదు పిడికిట్లనే ఉన్నది.

"ఏమయ్యా," అన్నది. "ఈ వారం నీకు లేదు. అలగకు. ముప్పై ఏండ్లు నేను చెప్పిన ఉప్పు ఏసినవ్. ఈ మాట గూడ ఇను."

చట్టి బయటికి తెచ్చి నీళ్లు పోసింది. సుయ్యిమన్నది. ఆ తర్వాత ఇగ ఆమె కాళ్లకు దారి దొరకలే. మిల్లు చుట్టూ, మొద్దుల చుట్టూ, ఇంటి ముందట, మళ్ల షెడ్డు కాడ. చెయ్యి వాసన చూసుకుంటది, పొట్లం కొంగుల ముడేస్తది, ఇప్పుతది. ఆడనుంచి ఈడికి ఎవరో పిలిచినట్టు తిరుగుతది, పోతే ఎవరుండరు. నాకు గూడ ఇంటికి పోబుద్ధి గాలే. ట్రాలీ తుడిచిందే తుడిచిన.

శనివారం ఏం లేదు. ఆదివారం పొద్దుగాల గాట్ల కాడ నువ్వుగింజలంత బుడిపెలు. చాచీ చూసింది, ఎవరికీ చెప్పలే. నన్ను పిలిచి, ఏలుతోని చూపెట్టి, "నువ్వేనా?" అన్నది.

"అమ్మతోడు చాచీ, నువ్వుగింజలకు పుల్లలు గుచ్చనీకి నాకు రాదు."

సోమవారం పొద్దుగాలకు అయ్యి చిటికెన ఏలి గోరంతైనయ్. గుత్తులు గుత్తులు, కాడలు పొట్టిగ, టోపీలు నల్లగ, గుండ్రంగ. పది గంటలకు లారీ వచ్చింది. మీద రందా మిషన్, దాన్ని దించనీకి చైన్ పుల్లీ పట్టుకొని నలుగురు. రహీం భాయ్ షెడ్డు కాడికి వచ్చి "కవర్లు బయటవెట్టున్రి," అన్నడు.

చాచీ గుమ్మంల అడ్డం నిలబడ్డది. "బుధవారం పొద్దున్న దాంక ఆగు."

"భాభీ, కిందటిసారి గూడ మొలిచినయ్, రాలినయ్. లారీ ఆగదు, మనుషులు ఆగరు. కవర్లు చెట్టు కింద పెట్టుకో, ఏమైతది?"

"ఎండ తగిలితే ఎండుతయ్, కదిలిస్తే రాలుతయ్."

"పొట్టు సంచుల కోసం మిషన్ వానల పెట్టాల్నా నేను?"

చాచీ ఆయన దగ్గరికి పోయి, నలుగురి ముందట, ఆయన ఎడమ కనుబొమ్మ మీద ఏలు పెట్టింది. ఆడ పాత గాటు ఉంటది. ఆయన చిన్నప్పుడు చెట్టు మీద నుంచి వడ్డడని మేమంత అనుకునేటోళ్లం.

"కూసుమంచి పెండ్లిల దం మీదున్న డేగ్ మూత ఎత్తినవ్. ఉడికిందా లేదా చూద్దామని. నీకు పన్నెండేండ్లు. మీ అన్న గంటె తోని ఏసిండు. యాదికున్నదా? ఆ రోజు అన్నం పలుకు పట్టి, పెండ్లోళ్లు మీ అన్నను తిడ్తుంటే నువ్వు బండి కింద దాక్కొని ఏడ్చినవ్. రాత్రికి నీకు అన్నం పెట్టిందెవరు?"

చైన్ పుల్లీ వాళ్లు నవ్వాపుకుంటున్నరు. రహీం భాయ్ చెవులు ఎర్రగైనయ్.

"ఇది దం మీదున్నది రహీం," అన్నది చాచీ. "ఇంక రెండు రోజులు. మూత తియ్యకు."

ఆయన కనుబొమ్మ రుద్దుకున్నడు. తర్వాత లారీ దిక్కు తిరిగి, "ముందట రంపం పక్కన దించున్రి. పట్టా కప్పున్రి. ఏం చూస్తున్నరు?" అని వాళ్ల మీద అరిచిండు. ఇటు తిరిగి మెల్లగ "బుధవారమే భాభీ," అన్నడు.

ఆ రెండు రోజులు మిల్లుల ఎవరికీ చెయ్యి పని మీద లేదు. బొజ్జయ్య రంపం ఆపి ఆపి వచ్చి తొంగి చూసేటోడు. రహీం భాయ్ చూడనట్టు చూసేటోడు. నేను మంగళవారం వైరాకు లోడ్ ఏసుకొని పోయి, ఊరి బయటనే యాభై సార్లు ఫోన్ తీసి పెట్టుకున్న, చెయ్యనీకి భయమై.

బుధవారం పొద్దుగాల ఆరు గంటలకు చాచీ నా ఇంటి ముందట ఉన్నది. మొకం చూస్తే పానం పోయినట్టున్నది.

"రమణా," అన్నది. "ఎండిపోయినయ్ రా. అన్ని. రా, కవర్లు తీసి గుంతల పోద్దాం. రహీం లేవక ముందే."

 చెప్పులు గూడ ఏసుకోకుంట ఎనక ఎనకనే పోయిన. ఆమె దారి పొడుగున తల వంచుకొని నడిచింది. షెడ్డు తలుపు నన్నే తియ్యమన్నది.

తీసిన.

షెడ్డంత తెల్లగ, బూడిద రంగుగ విచ్చుకొని ఉన్నది. ఒక్కో గుత్తి నా రెండు చేతులకు పట్టనంత. తాళ్లకు ఏలాడే కవర్లు కనవడుత లేవు, చెవుల లెక్క పెద్ద పెద్ద టోపీలు ఒకదాని మీద ఒకటి. వాన వాసన. నేను నోరు తెరుసుకొని నిలబడ్డ. ఎనక నుంచి చాచీ చీపురు పుల్ల ఒకటి నా చేతుల పెట్టింది.

"పీకి చూడు," అన్నది. "ఎవడో గుచ్చిపోయిండేమో."

గుమ్మం పక్కనున్న కవరు నుంచి ఒక గుత్తి పట్టి గుంజిన. జల్ది రాలే. గట్టిగ తిప్పితే మామిడి పొట్టు అంటుకొని మరీ ఊడొచ్చింది. చాచీ నవ్వుడు మొదలువెట్టింది. గుమ్మం పట్టుకొని, కడుపు పట్టుకొని నవ్వుతున్నది. ఆ నవ్వుకు రహీం భాయ్ లుంగీ ఎగ్గట్టుకుంట ఉరికొచ్చిండు, ఏమైందో అని.

చూసిండు. ఒక టోపీ అంచు ఏలుతోని తాకిండు, ఆడపిల్ల చెంప తాకినట్టు. తర్వాత మిల్లు ముందటికి పోయి, పట్టా కప్పిన మిషన్ చుట్టూ అడుగులేసి కొలుచుకున్నడు.

"బొజ్జయ్య రానీ," అన్నడు నాతోని. "ఈడ నాలుగు గుంజలు పాతి రేకులెయ్యాలె. మిషన్‌కి ఈడనే బాగుంటది, వెలుతురు ఉన్నది." ఏదో వెలుతురు కోసమే అన్నట్టు. "ఫాయిజాకు ఫోన్ చేసి చెప్పు, వాళ్లమ్మకు ఇక్కడ పనున్నదని."

జంపక్కకు మొదటి గుత్తి చాచీ స్వయంగ వండి పెట్టింది. తిన్నది, ఏళ్లు నాకింది, "మా అడవిల దాని ముందట ఇది ఉత్త నీళ్లు," అని గిన్నె మళ్ల జరిపింది.

బేస్తారం వచ్చింది. చాచీ, నేను, బొజ్జయ్య కలిసి రెండు డేగులు కొత్త రేకుల కిందికి, మిషన్ పక్కకు దొర్లించుకొచ్చినం. చాచాకు గూడ జాగ మార్పు. చాచీ బొగ్గుల మీద ఊదు ఏసింది. రెండు వారాలది ఒక్కసారి. పొగ మిషన్ చుట్టూ కమ్ముకొని, దాని ముందట మొదటి చెక్క పెడ్తున్న రహీం భాయ్‌ని మింగేసింది.

"భాభీ!" అని దగ్గుకుంట అరిచిండు. "నేను ఎండ చేపనా?"

చాచీ ఇనలే. అప్పటికే రంపం కాడ ఉన్నది, గంప చంకల పెట్టుకొని. "బొజ్జయ్యా! ఆగాగు! అది టేకు, ఊడ్వనీ ముందు!"